స్వీడిష్ శైలిలో ఇంటి అలంకరణ: కిటికీ నుంచి గడప దాకా సమగ్ర మార్గదర్శి

డిసెంబరు మూడో వారంలో స్టాక్‌హోమ్‌లో ఉదయం 8:45 ప్రాంతంలో తెల్లారుతుంది, మధ్యాహ్నం 3 కాకముందే పొద్దు గుంకుతుంది. జూన్‌లో తెల్లవారుజామున 3:30కే సూర్యుడొస్తాడు, రాత్రి 10 దాటితే గానీ పోడు. స్వీడిష్ ఇంట్లో కనిపించే ప్రతి అలవాటుకూ ఈ లెక్కే మూలం. గోడ రంగు, కిటికీ గట్టు మీది దీపం, పలచటి తెర, సబ్బుతో తోమిన చెక్క నేల, అన్నీ ఉన్న కాస్త వెలుతురును గది లోపలికి లాక్కోవడానికి పుట్టినవే. అందుకే ఈ పని షాపులో మొదలుపెట్టకూడదు, కిటికీ దగ్గర మొదలుపెట్టాలి.

ముందు ఒక అపోహ తీసేయాలి. స్వీడిష్ శైలి అంటే అన్నీ తెలుపు అనుకుంటారు. మూడవ గుస్తావ్ రాజు కాలంలో (1771–1792) రూపుదిద్దుకున్న గుస్తావియన్ శైలిలో ముత్యపు బూడిద, లేత నీలం, ఎండుగడ్డి పసుపు ఉన్నాయి. రెండు కిటికీల మధ్య గోడకు నిలువుటద్దం, దాని ముందు కొవ్వొత్తులు పెట్టేవారు. ఒక్క కొవ్వొత్తి రెండుగా వెలగాలని. ఫాలున్ దగ్గర సుండ్‌బోర్న్‌లో చిత్రకారుడు కార్ల్ లార్సన్, ఆయన భార్య కారిన్ కలిసి తీర్చిన ఇంట్లో భోజనాల గది ఎరుపు, ఆకుపచ్చలతో నిండి ఉంటుంది. కారిన్ స్వయంగా నేసిన బట్టలే ఆ ఇంటికి ప్రాణం. హెల్సింగ్‌లాండ్ ప్రాంతపు రైతుల ఇళ్లలో గోడల నిండా పూలు, బొమ్మలు చిత్రించారు. వాటిలో ఏడు ఇళ్లు 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. వియన్నా వాస్తుశిల్పి యోసెఫ్ ఫ్రాంక్ స్వీడన్‌కు వచ్చి, 1934 నుంచి ఎస్ట్రిడ్ ఎరిక్సన్ నడిపిన స్వెన్స్క్‌ట్ టెన్ అనే గృహాలంకరణ దుకాణం కోసం గీసిన బట్టల మీద ఆకులు, పూలు, పిట్టలు కిక్కిరిసి ఉంటాయి. తెలుపు ఈ శైలికి ఒక పనిముట్టు మాత్రమే.

పని మొదలుపెట్టే ముందు

స్వీడన్‌లో ఉంటున్నవారు మొదట ఒప్పందం చూసుకోవాలి. ఇంటి యజమాన్య సంస్థ నుంచి నేరుగా అద్దెకు తీసుకున్న ఇంట్లో సొంత ఖర్చుతో రంగులు వేసుకునే, వాల్‌పేపర్ అంటించుకునే హక్కు చట్టం ఇచ్చింది. అయితే పని నైపుణ్యంగా ఉండాలి. ఇంటి విలువ తగ్గేలా చేస్తే ఖాళీ చేసేటప్పుడు పరిహారం కట్టాల్సి వస్తుంది. నల్లరంగు సీలింగ్, ముదురు ఊదా గోడ అలాంటి గొడవలు తెచ్చిపెడతాయి. ఇంకొకరి ఫ్లాట్‌లో వారి దగ్గర అద్దెకు ఉంటే (అక్కడ దీన్ని రెండో చేతి అద్దె అంటారు) రంగు డబ్బా తెరవకముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఉద్యోగం మీద వెళ్లిన మనవాళ్లలో చాలామంది మొదటి ఏళ్లు ఇలాంటి అద్దెల్లోనే గడుపుతారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అనుమతి రాకపోయినా ఫర్వాలేదు. గోడ ముట్టుకోకుండానే దీపాలు, తెరలు, చాపలతో సగానికి పైగా పని అయిపోతుంది.

తర్వాత ఒక రోజంతా గదిని గమనించండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కడ వెలుతురు పడుతోంది, ఏ మూల చీకటిగా ఉంది, కాగితం మీద గీసుకోండి. కిటికీ ఏ దిక్కుకు ఉందో రాసుకోండి. ఉత్తరపు వెలుతురు నీలంగా ఉంటుంది, దక్షిణపుది పసుపు తిరుగుతుంది. రంగు ఎంపికంతా దీని మీదే ఆధారపడుతుంది.

కిటికీ

స్వీడిష్ ఇళ్లలో హీటర్ సాధారణంగా కిటికీ కిందే ఉంటుంది. బరువైన తెర దాని ముందుకు వేలాడితే వేడి తెరకూ గాజుకూ మధ్య చిక్కుకుపోతుంది, గది చల్లగానే ఉంటుంది. కాబట్టి తెరలు పలచటి నారబట్టవి తీసుకుని కిటికీ పక్కన గోడ మీదికి జరిగేలా కట్టాలి. కడ్డీ కిటికీ కన్నా రెండు వైపులా 20–25 సెం.మీ. ఎక్కువ పొడవుంటే పగలు తెర మొత్తం పక్కకు పోయి గాజు పూర్తిగా బయటపడుతుంది. బట్ట వెడల్పు కడ్డీ పొడవుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. నారబట్ట మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. ఉతికి, ఆరాకే అంచు కుట్టండి. ముందే నేలకు సరిగ్గా సరిపోయేలా కుట్టిన తెర ఉతికాక పొట్టి లాగులా వేలాడుతుంది.

కిటికీ పైన గాని, చట్రంలో గాని గాలి వచ్చే సన్నని చీలిక ఉంటే దాన్ని మూయవద్దు. చలిగాలి వస్తోందని టేపు వేస్తే తేమ బయటికి పోక గాజు కింద బూజు పడుతుంది. పడకగదికి మాత్రం వెలుతురు చొరని రోలర్ తెర తప్పనిసరి. జూన్‌లో అది లేకుండా నిద్ర పట్టదు. దాన్ని చట్రం లోపల, పలచటి తెర వెనక బిగిస్తే అందం చెడదు.

కిటికీ గట్టు మీద ఒక చిన్న దీపం, ఒకటి రెండు జెరేనియం కుండీలు పెడితే స్వీడిష్ కిటికీ సిద్ధం. ఈ మొక్కకు చలికాలంలో వెలుతురు కావాలి, నీళ్లు తక్కువ కావాలి. మట్టి పైపొర పొడిగా అయ్యాకే పోయండి. కింద హీటర్ మండుతుంటే ఆకులు పసుపెక్కి రాలుతాయి, కాడలు నీరసంగా సాగుతాయి. ఇంట్లో అన్నిటికన్నా చల్లని కిటికీ దానికివ్వండి. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో కాడలు సగానికి కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

గోడలు

స్వీడన్‌లో రంగుల కోసం ఎన్‌సీఎస్ (నేచురల్ కలర్ సిస్టమ్) సంకేతాలు వాడతారు. ఎస్ 0502-వై అనే సంకేతంలో మొదటి రెండు అంకెలు నలుపు పాలు, తర్వాతి రెండు రంగు గాఢత, చివరి అక్షరం వర్ణం, ఇక్కడ పసుపు. అంటే 5 శాతం నలుపు, 2 శాతం గాఢత ఉన్న పసుపు ఛాయ తెలుపు. అక్కడి ఇళ్లలో ఎక్కువగా కనిపించే తెలుపు ఇదే. ఉత్తరం కిటికీ ఉన్న గదికి అచ్చమైన తెలుపు వేస్తే ఆసుపత్రి గోడలా నీలంగా కనిపిస్తుంది. ఈ కొద్దిపాటి పసుపు దాన్ని విరుస్తుంది. గుస్తావియన్ ఛాయ కావాలంటే ఎస్ 2002-వై లాంటి వెచ్చని బూడిద, ఎస్ 1020-వై10ఆర్ లాంటి గడ్డి పసుపు, ఎస్ 3010-ఆర్90బి లాంటి బూడిద నీలం ప్రయత్నించవచ్చు. షాపులోని చిన్న చీటీ చూసి నిర్ణయించవద్దు. గోడ మీద ఆ రంగు చీటీ కన్నా ఒక మెట్టు ఎక్కువ గాఢంగా కనిపిస్తుంది. ఏ3 కాగితం మీద రెండు కోట్లు (పూతలు) వేసి, దాన్ని గదిలో నాలుగు గోడల దగ్గరా పెట్టి, పగలూ దీపం కిందా చూడండి.

రంగు మెరుపును తెలిపే అంకె విషయంలో అక్కడి పద్ధతి స్థిరంగా ఉంటుంది: సీలింగ్‌కు 2–3, గోడకు 7 ప్రాంతం, తలుపులకూ చట్రాలకూ 30–40. మెరుపు అంకె పెరిగిన కొద్దీ తుడవడం తేలిక, కానీ గోడలోని ప్రతి గుంటా కనబడుతుంది. పక్క కిటికీ నుంచి తక్కువ ఎత్తులో వచ్చే చలికాలపు ఎండ గోడను రాసుకుంటూ పోతుంది కాబట్టి మెరిసే గోడ అక్కడ అస్సలు పనికిరాదు.

ఎంత రంగు కొనాలో లెక్కేద్దాం. 4 మీటర్లకు 3.5 మీటర్ల గది, ఎత్తు 2.5 మీటర్లు అనుకుంటే చుట్టుకొలత 15 మీటర్లు, గోడలు 37.5 చదరపు మీటర్లు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 33. రెండు పూతలకు 66 చదరపు మీటర్లు. లీటరుకు 6–8 చదరపు మీటర్లు వస్తుంది. 10 లీటర్లు తీసుకోండి.

ఇక పని క్రమం. గోడను రంగు పనికి వాడే క్షారపు కడుగు ద్రవంతో కింది నుంచి పైకి కడగండి. పై నుంచి కిందికి కడిగితే పొడి గోడ మీద మురికి నీటి చారలు దిగి మచ్చలుగా నిలిచిపోతాయి. మంచినీళ్లతో తుడిచాక, లేచిన వాల్‌పేపర్ అంచులను కత్తితో కోసి తీసి, గుంటల్లో లప్పం పెట్టండి. లప్పం ఆరాక కుంచించుకుపోతుంది, రెండుసార్లు పలచగా పెట్టడమే మేలు. 120–150 నంబరు శాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము పూర్తిగా తీసి, లప్పం పెట్టినచోట్ల ముందుగా ఒక చేయి రంగు వేయండి. లేకపోతే ఆ మచ్చలు రంగును పీల్చుకుని తర్వాత మసకగా కనిపిస్తాయి. అప్పుడు మూలలు బ్రష్‌తో, మిగతాది రోలర్‌తో, ఒక గోడ మధ్యలో ఆపకుండా పూర్తి చేయండి.

చలికాలంలో ఇక్కడే చాలామంది పని చెడిపోతుంది. హీటర్ల వల్ల గదిలో గాలి బాగా ఎండిపోయి ఉంటుంది. బ్రష్‌తో వేసిన మూల ఆరిపోయాక రోలర్ తగిలితే అతుకు గీతలు పడతాయి, ఎన్ని కోట్లు వేసినా పోవు. పని రోజు హీటర్ తగ్గించండి, ఇద్దరు కలిసి ఒకరు మూలలు, ఒకరు రోలర్ పట్టుకుని వెనువెంటనే సాగండి. టేపును రెండో కోటు పూర్తిగా గట్టిపడకముందే లాగేయాలి.

దీపాలు

స్వీడన్‌లో కొత్తగా ఫ్లాట్‌లో అడుగుపెడితే సీలింగ్‌లో కొక్కెం, పక్కనే దీపం సాకెట్ తప్ప బల్బు కూడా ఉండదు. దీపాలు ఎవరివి వారు తెచ్చుకుని తీసుకెళ్తారు. సాకెట్‌కు సరిపోయే ప్లగ్‌ ఉన్న దీపాన్ని మీరే తగిలించుకోవచ్చు. కొత్త తీగ లాగడం మాత్రం నమోదైన విద్యుత్ సంస్థే చేయాలి. పాత ఇళ్ల సాకెట్లకూ కొత్తవాటికీ ప్లగ్‌ ఆకారం వేరు, కొనే ముందు ఫొటో తీసుకెళ్లండి.

మన ఇళ్లలో అలవాటైన సీలింగ్ మధ్యన ఒక్క తెల్లటి ట్యూబ్‌లైట్ ఈ శైలికి పూర్తిగా వ్యతిరేకం. ఒక హాలుకు 5 నుంచి 7 చోట్ల చిన్న చిన్న దీపాలు పంచండి. బల్బులన్నీ 2700 కెల్విన్ (వెచ్చని వెలుతురు) ఉండాలి. ఒక్కటి 4000 ఉన్నా మిగతా వాటన్నిటినీ పసుపుగా, మురికిగా కనబరుస్తుంది. రంగు నిజంగా కనిపించే సూచీ (సీఆర్‌ఐ) 90 పైన ఉన్న బల్బులు ఎంచుకోండి. భోజనబల్ల మీద దీపం అంచు బల్ల నుంచి 55–60 సెం.మీ. ఎత్తులో ఉండాలి. 80కి లేపితే బల్బు కంట్లో కొడుతుంది, బల్ల చుట్టూ ఉండాల్సిన దగ్గరితనం పోతుంది. దానికి 600–800 ల్యూమెన్లు, చదువుకునే దీపానికి 400–500, కిటికీ దీపానికి 100–250 చాలు.

అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారం నాడు కిటికీల్లో ఏడు దీపాల త్రికోణపు స్తంభం, కాగితపు నక్షత్రం వెలిగిస్తారు, జనవరి 13 దాకా ఉంచుతారు. వీధంతా ఒకేసారి వెలుగుతుంది, మీ కిటికీ కూడా అందులో కలవడం బాగుంటుంది.

పాత సామాను, అవిసె నూనె రంగు

ఈ శైలికి అసలైన గాఢత పాత ఫర్నిచర్ వల్లే వస్తుంది. ఫ్రాంక్ పద్ధతి కూడా అదే: ఒకే షాపులో సెట్టుగా కొన్న గదికి జీవం ఉండదు, రకరకాల కాలాల వస్తువులు కలవాలి. బ్లోకెట్, ట్రదేరా లాంటి ఆన్‌లైన్ వేదికల్లో, మీరోర్నా, స్టాడ్స్‌మిషనెన్ పాతవస్తువుల దుకాణాల్లో పైన్ చెక్క సొరుగుల బల్లలు, కర్రకుర్చీలు చవగ్గా దొరుకుతాయి. పరుపులు, గుడ్డ సోఫాలు కొంటే నల్లుల కోసం కుట్ల వెంబడి టార్చి వేసి చూడండి. చెక్కలో సన్నని రంధ్రాల కింద తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది, వదిలేయండి. నూరేళ్ల నాటి అసలు రంగు మిగిలిన వస్తువు దొరికితే దాని మీద రంగు వేయవద్దు. ఆ అరిగిన రంగుకే విలువ. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దనూ వద్దు.

మామూలు పైన్ సొరుగుల బల్లకు అవిసె నూనె రంగు వేస్తే వచ్చే మెత్తని నిగారింపు ప్లాస్టిక్ రంగుకు ఎప్పటికీ రాదు. క్రమం ఇలా ఉండాలి.

1. పిడులు తీసి, క్షారపు కడుగు ద్రవంతో మైనం, జిడ్డు పోయేలా కడిగి ఒక రోజు ఆరనివ్వండి.
2. 120, తర్వాత 180 నంబరు శాండ్‌పేపర్‌తో చెక్క గీత వెంబడే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు రంగు కింద నుంచి కనిపిస్తాయి.
3. చెక్కలోని ముడుల మీద లక్క ద్రావణం రెండు పలచటి పూతలు వేయండి. ఇది మానేస్తే కొన్ని నెలల్లో ముడి నుంచి బంక ఊరి తెల్లరంగు మీద పసుపు వలయాలు వస్తాయి.
4. డబ్బా అడుగు నుంచి బాగా కలపండి. పైన మీగడ కట్టి ఉంటే దాన్ని తీసి, పాత నైలాన్ మేజోడులో వడకట్టండి.
5. గట్టి వెంట్రుకల బ్రష్‌తో చాలా కొద్ది రంగు తీసుకుని, లాగి లాగి పలచగా పరచండి. ఒక రోజైనా ఆగి, చేతికి అంటనప్పుడు 240 నంబరు కాగితంతో తేలికగా రుద్ది రెండోది, అలాగే మూడోది వేయండి.

సుమారు 3 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న బల్లకు మూడు కోట్లకీ కలిపి ఒక లీటరు డబ్బా సరిపోతుంది. మందంగా వేస్తే పైపొర ముందు ఆరి, లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. అప్పుడు గీకేయడం తప్ప దారి లేదు. నూనె గాలితో కలిసి గట్టిపడుతుంది, నీటిలా ఆవిరైపోదు. అందుకే చీకటి, చల్లని గోదాములో వారం గడిచినా జిగురుగానే ఉంటుంది, వెలుతురు, గాలి ఉన్నచోట ఒక రోజులో ఆరుతుంది. తెల్లరంగు చీకట్లో పసుపెక్కుతుంది కూడా, సొరుగు లోపలి భాగాలకు వేయకండి. నూనె గుడ్డల విషయంలో ఏమరుపాటు అస్సలు వద్దు. ముద్దగా పడేసిన గుడ్డ తనంతట తానే వేడెక్కి మంటలంటుకుంటుంది. పని కాగానే నీళ్లలో తడిపి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

పిల్లలున్న ఇంట్లో సొరుగుల బల్లను గోడకు బిగించడం మరవకండి. గోడ కాంక్రీటా, జిప్సమా అన్నది తట్టి తెలుసుకుని దానికి తగిన స్క్రూ ప్లగ్‌ వాడాలి. స్నానాలగది టైళ్లకు మాత్రం రంధ్రం వేయవద్దు. వాటి వెనక నీటిని ఆపే పొర ఉంటుంది, అది తూటుపడితే నష్టం పక్కింటి దాకా పోతుంది.

నేల, చాపలు, నారబట్టలు

ఎక్కువ ఫ్లాట్లలో వార్నిష్ వేసిన పార్కెట్ నేల ఉంటుంది. దాన్ని పిండిన తడిగుడ్డతో తుడవడం తప్ప ఏమీ చేయకూడదు. పూతలేని పైన్ పలకల నేల దొరికిన అదృష్టవంతులకు మాత్రమే అవిసె నూనె సబ్బుతో తోమే పాత పద్ధతి వర్తిస్తుంది. నేలంతా గోరువెచ్చని నీటితో సమంగా తడిపి, సబ్బు వేసి, మొక్కల వేర్లతో చేసిన గట్టి బ్రష్‌తో చెక్క గీత వెంబడి తోమి, మురికి నీరు వెంటనే తీసి, శుభ్రమైన నీటితో కడిగి ఒక రోజు ఆరనివ్వాలి. ఒకరు తోముతుంటే ఇంకొకరు నీరు తీస్తూ ఉండాలి, నిలిచిన నీరు పలకలను ఉబ్బించి వంకరలు చేస్తుంది. ఏళ్ల తరబడి ఇలా చేస్తే నేల వెండిలా తెల్లబడుతుంది.

నేల మీద పరిచేది ట్రాస్‌మట్టా, అంటే పాత బట్టల పేలికలతో మగ్గం మీద నేసిన చాప. పాత చీరలతో బొంత కుట్టే ఇళ్ల నుంచి వచ్చినవారికి దీని వెనక ఉన్న పొదుపు కొత్తేమీ కాదు. సాధారణంగా 70 సెం.మీ. వెడల్పుంటుంది. వంటింట్లో గట్టు పొడవునా ఒకటి, హాల్లో పక్కపక్కన రెండు మూడు పరుస్తారు. కింద జారని వల వేయకపోతే పార్కెట్ మీద కాలు జారడం ఖాయం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు కూడా నూలుతో నేసిన మందపాటి బల్లపరుపు నేతే. నీలం–తెలుపు, బూడిద చారలవి ఈ గదుల్లో చక్కగా ఒదుగుతాయి. ఏదైనా ఉమ్మడి లాండ్రీలోని మామూలు మెషిన్‌లో వేయకండి, తడిసిన బరువుకు డ్రమ్ము పాడవుతుంది. పెద్ద సామాను కోసం వేరే మెషిన్ ఉంటుంది. ఎరుపు ఉన్నదాన్ని చల్లని నీటితోనే ఉతకాలి.

వంటిల్లు, గడప

ఇక్కడ తెలుగు వంటకూ స్వీడిష్ చెక్కకూ నేరుగా గొడవ వస్తుంది. సబ్బుతో తోమిన చెక్క బల్ల మీద పసుపు పడితే, అలవాటుగా సబ్బు నీళ్లు పోస్తే మరక ఎర్రగా మారి భయపెడుతుంది. సబ్బులోని క్షారం తగలగానే పసుపు రంగు మారడమే కారణం. ముందుగా పొడి గుడ్డతో అద్ది తీసి, కొద్దిగా నిమ్మరసమో వెనిగరో కలిపిన నీటితో తుడిస్తే ఎరుపు మళ్లీ పసుపవుతుంది. మిగిలిన మరకకు ఎండ చూపించండి, పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది. తెల్ల నారబట్ట టేబుల్‌క్లాత్‌కూ ఇదే మందు. రోజువారీ భోజనానికి మాత్రం నూనె పట్టించిన లేదా వార్నిష్ చేసిన బల్ల వాడుకోవడమే తెలివైన పని.

పోపు పొగకు మోటారు ఫ్యాన్ కొని ఉమ్మడి వెంటిలేషన్ గొట్టానికి తగిలించవద్దు, మీ పొగ పై ఇంటికి పోతుంది. అలాంటి భవనాల్లో బొగ్గు ఫిల్టర్ ఉన్న ఫ్యాన్ వాడాలి, వంట ఎక్కువైతే ఫిల్టర్ కూడా తరచుగా మార్చాలి.

చెప్పులు గడప దగ్గరే విప్పే అలవాటు రెండుచోట్లా ఒకటే. కానీ అక్కడ మంచుతో పాటు రోడ్ల మీద చల్లిన కంకర, ఉప్పు లోపలికి వస్తాయి, అవి పార్కెట్ మీద గీతలు పెడతాయి. తలుపు లోపల కనీసం ఒకటిన్నర మీటరు గరుకు చాప, కూర్చుని బూట్లు విప్పడానికి కర్ర బెంచీ, దాని కింద నీరు నిలిచే అంచున్న ట్రే, పైన టోపీల అర, కొక్కేలు. కోట్లు బరువైనవి కాబట్టి కొక్కేల పలకను గోడలోని కర్ర చట్రానికే బిగించండి.

ఈ పద్ధతులను 2018లో మన దేశంలోని తొలి ఐకియా (స్వీడిష్ ఫర్నిచర్ దుకాణం) తెరుచుకున్న హైదరాబాద్‌లాంటి చోట వాడాలనుకుంటే ఒకటి తిరగేయాలి. అక్కడ వెలుతురు కొరత లేదు, ఎక్కువే. తెల్లగోడ ఏప్రిల్ ఎండకు కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. ఎస్ 2002-వై లాంటి బూడిదను పూర్తిగా మెరుపులేని రంగులో వేసి, నారబట్ట తెరను పగలు మూసి ఉంచండి. పైన్ చెక్క బదులు టేకు వాడండి, చెదలకు పైన్ తట్టుకోలేదు.